మినిట్స్ ఎవరు రాయాలి?

"ల్యాప్‌టాప్ మూసెయ్. ఇవాళ నువ్వు రాయడం లేదు."

మా డైరెక్టర్ మీటింగ్‌లో అందరి ముందూ అన్న మాట ఇది. గొంతేమీ పెంచలేదు. ఎదురుగా కూర్చున్న ఇద్దరు మగ ఇంజినీర్ల వంక చూసి, "మీలో ఎవరో ఒకరు రాయండి" అంది. నాకు మాత్రం చెంప ఛెళ్ళుమన్నట్టయింది. బెల్‌వ్యూలో ఈ టీమ్‌లో చేరినప్పటినుంచీ మినిట్స్, అంటే మీటింగ్‌లో ఏమనుకున్నామో రాసిపెట్టే నోట్సు, నావే. నన్నెవరూ రాయమనలేదు, వేరెవరూ రాయడం లేదు కాబట్టి రాశాను. అదీ ఒక నేరమేనా?

ఆ మర్నాడు ఆవిడ నా క్యాలెండర్ తెరిచి గళ్ళకి రంగులు వేసింది. డిజైన్, కోడ్ ఆకుపచ్చ. మినిట్స్, ఇంటర్న్‌ల బాగోగులు, ఇంటర్వ్యూల ఏర్పాటు, పుట్టినరోజు కేకు, దీపావళి పాట్‌లక్, రాత్రి ఎనిమిదిన్నరకి హైదరాబాద్ టీమ్‌తో కాల్, ఇవన్నీ పసుపు. చివరికి చూస్తే పసుపే ఎక్కువ. "ప్రమోషన్ కమిటీలో కూర్చునేది నేను. అక్కడ ఈ పసుపు గళ్ళ గురించి ఎవరూ అడగరు. 'ఆ అమ్మాయి లేకపోతే టీమ్ నడవదు' అని మెచ్చుకుంటారు, తర్వాతి పేరుకి వెళ్ళిపోతారు" అంది.

ఇంటికొచ్చి వెతికితే తెలిసింది, ఈ రోగానికి పరీక్షలు కూడా జరిగాయి. లిండా బాబ్‌కాక్, మరో ముగ్గురు పరిశోధకులు 2017లో అమెరికన్ ఎకనమిక్ రివ్యూ అనే పరిశోధన పత్రికలో రాశారు. ముగ్గురేసి మనుషుల్ని జట్టు కట్టి, రెండు నిమిషాల్లో ఎవరో ఒకరు బటన్ నొక్కాలన్నారు. నొక్కినవాళ్ళకి డాలరుంపావు, మిగతా ఇద్దరికీ చెరో రెండు డాలర్లు. ఎవరూ నొక్కకపోతే అందరికీ డాలరే. ఆడా మగా కలిసిన జట్లలో, మగవాళ్ళకంటే ఆడవాళ్ళు 48 శాతం ఎక్కువగా నొక్కారు. నాకు నచ్చింది దాని తర్వాతి ముక్క. అందరూ మగవాళ్ళే ఉన్న జట్లలో వాళ్ళూ ఆడవాళ్ళ జట్లతో సమానంగా నొక్కారట! అంటే చేతకాక కాదన్నమాట. పక్కన మనముంటే మనం చూసుకుంటామని వాళ్ళ ధీమా, చూసుకోవాల్సింది మనమేనని మన ధీమా.

తాన్యా రైలీ అనే ఇంజినీర్ ఇలాంటి పనిని 'గ్లూ వర్క్', అంటే టీమ్‌ని అతికించి ఉంచే జిగురు పని, అంటూ చేసిన ప్రసంగం మా వృత్తిలో చాలామంది విన్నదే. పెద్ద హోదాలో ఉన్నవాళ్ళు చేస్తే దాన్ని నాయకత్వమంటారు, కింది మెట్టు మీద ఉండగానే నెత్తికెత్తుకుంటే ఆ మెట్టు మీదే ఆపేస్తారు అన్నది అందులో అసలు సంగతి.

ఇదంతా ఒప్పుకుంటాను. ఒప్పుకున్నా ఒళ్ళు మండుతూనే ఉంది.

"వద్దు" అనడం నేర్చుకో అంటుంది మా డైరెక్టర్. ఆవిడకేం, ఇక్కడే పుట్టింది. నాది హెచ్‌-1బి, ఉద్యోగానికి కట్టేసిన వీసా. ఉద్యోగం పోతే ఎక్కువలో ఎక్కువ 60 రోజులు, ఆలోపు ఇంకో కంపెనీ పిటిషన్ వెయ్యాలి, లేదా పెట్టేబేడా సర్దుకోవాలి. మా ఆయన పని చేస్తున్నది భార్య లేదా భర్త వీసాని బట్టి ఇచ్చే హెచ్‌-4 మీద, అదీ నా ఉద్యోగానికి ముడిపడిందే. "వద్దు" అనే మాటకి ఆవిడ దగ్గర ఒక ధర, నా దగ్గర ఇంకో ధర.

పైగా ఆవిడ పసుపు రంగు వేసిందే నేను పని నేర్చుకున్న పద్ధతి. మాదాపూర్‌లో నా మొదటి లీడ్‌ని టీమంతా అక్కా అనే పిలిచేవాళ్ళం. అర్ధరాత్రి బిల్డ్ పడిపోతే, అంటే మేం రాసిన కోడ్ ప్రోగ్రామ్‌గా కూడకుండా ఆగిపోతే, తన క్యాబ్ వదిలేసి మా పక్కన కూర్చునేది. ఏం జరిగిందో కంప్యూటర్ రాసిపెట్టే లాగ్‌ని కింది నుంచి పైకి చదువుకుంటూ వెళ్ళాలని, మొదటి ఎర్ర గీత దగ్గర ఆగాలని చెప్పింది ఆవిడే. ఇక్కడ సాయం అడిగితే లింకు పంపిస్తారు. అక్కడ కుర్చీ లాక్కుని పక్కన కూర్చునేవాళ్ళు. కానీ వడ్డించేవాళ్ళకి ఆఖరి బంతే కదా. ఆవిడ దగ్గర నేర్చుకున్న కుర్రాళ్ళు మేనేజర్లయ్యారు, నేను విమానమెక్కాను. ఆవిడ చాలాకాలం అదే సీట్లో ఉండిపోయింది. డైరెక్టర్‌కి ఈ కథ చెబితే అడ్డంగా దొరికిపోతాను కాబట్టి చెప్పలేదు.

అమ్మకి ఫోన్ చేస్తే షరా మామూలే, పద్మశ్రీ వారియర్. మన విజయవాడ పిల్ల, మారిస్ స్టెల్లాలో చదివింది, ఢిల్లీ ఐఐటీ, కార్నెల్, 1984లో మోటరోలా, 2003కల్లా అక్కడ సీటీఓ, అంటే టెక్నాలజీకి పెద్ద, ఆ తర్వాత సిస్కోలోనూ అదే కుర్చీ. నాకు కంఠతా వచ్చు.

"పంతొమ్మిదేళ్ళల్లో ఆవిడెన్ని మినిట్స్ రాసి ఉంటుందంటావ్?" అన్నాను.

"అవన్నీ స్టేజీ మీద చెప్పుకుంటారుటే" అంది అమ్మ.

ఇప్పుడు మినిట్స్‌కి వంతులు పెట్టారు. మొదటివారం రాసినాయన "క్యాషింగ్ గురించి చర్చించాం, నిర్ణయం తీసుకున్నాం" అని తేల్చేశాడు. ఏం నిర్ణయమో తెలియక అందరం చాట్‌లో ఒకళ్ళనొకళ్ళం అడుక్కున్నాం. తర్వాత ఆయనే ఒక టెంప్లేట్ చేశాడు, అది బాగానే ఉంది. దాన్ని సెల్ఫ్ రివ్యూలో 'ప్రాసెస్ ఇంప్రూవ్‌మెంట్' అని రాసుకున్నట్టు లంచ్‌లో చెప్పాడు. ఇన్నాళ్ళు రాసీ నాకు తట్టలేదు చూడండి!

కేకు, పాట్‌లక్ వదిలేశాను, బాధేమీ లేదు. హైదరాబాద్ కాల్ మాత్రం వదలనన్నాను. అక్కడి పిల్లలు ఇంగ్లిష్‌లో "నో బ్లాకర్స్", అడ్డంకులేమీ లేవు, అని ఊరుకుంటారు. "ఏంటమ్మా, ఎక్కడ ఆగింది?" అంటే అసలు సంగతి బయటకొస్తుంది. రిలీజ్ రోజున ఇక్కడ పేలాల్సింది ముందురోజే అక్కడ దొరికిపోతుంది. అది పనేనని, నా గోల్స్‌లోకి ఎక్కాలని పట్టుబట్టాను. ఎన్ని రిలీజులు ఆగకుండా వెళ్ళాయో లెక్క కట్టి రాసిమ్మంది డైరెక్టర్. రాసిచ్చాను. ఒప్పుకుంది గానీ, ఆర్నెల్ల తర్వాత ఆ కాల్ ఇంకొకరికి అప్పగించాలని మెలిక పెట్టింది.

టీమ్‌లో తెలుగొచ్చినవాడు ఇంకొకడున్నాడు, వరంగల్ కుర్రాడు. అడిగి చూశాను. ఎనిమిదిన్నరకి అతనికి క్రికెట్ ఉంటుందట.