కాలువ ఈత మరచి ఫ్రీస్టైల్ నేర్చుకున్న ఏడు నెలలు

నాకు ఈత రాదని ఎవరైనా అని ఉంటే, నలభై మూడో ఏట వరకు నేను ఒప్పుకునేవాడిని కాను. కోనసీమలో మా ఇంటి పెరడు దాటగానే పంటకాలువ. తొమ్మిదో ఏట అరటి బోదె చంకన పెట్టుకుని అందులోకి దిగినవాడిని, పదో ఏటికల్లా బోదె వదిలేసి అవతలి గట్టుకు చేరుకున్నాను. తలను పూర్తిగా నీటిపైన ఉంచి, చేతులను ఒకదాని తరువాత ఒకటి బార చాపి విసురుతూ, కాళ్ళను కత్తెరలా ఆడిస్తూ ఈదే ఆ పద్ధతిలో తప్పేమీ లేదు. ఎదురుగా గుర్రపుడెక్క వస్తోందో, గేదె వస్తోందో చూసుకోవాలంటే కాలువలో తల ఎత్తక తప్పదు. 1873లో జాన్ ట్రడ్జెన్ అనే ఆయన ఇంగ్లండు పోటీల్లో ఇంచుమించు ఇలాంటి చేతుల ఊపుతో ఈది అందరినీ ఆశ్చర్యపరిచారని తరువాత చదివినప్పుడు, మా ఊరి పిల్లలందరమూ ఆయన శిష్యులమేనని నవ్వుకున్నాను.

గత జూన్‌లో మోకాలి నొప్పి కారణంగా పరుగు తగ్గించమని డాక్టరు చెప్పడంతో, హైదరాబాదులో మేముంటున్న కాలనీకి దగ్గరలోని ఈతకొలనులో ఉదయం ఆరు గంటల బ్యాచ్‌లో చేరాను. అక్కడ నేర్పేది ఫ్రీస్టైల్, అంటే ముఖం నీటిలో ఉంచి, చేతులను ఒకదాని తరువాత ఒకటి వేస్తూ, ఊపిరికి మాత్రం పక్కకు తిరిగే ఈత. దరఖాస్తులో 'ఈత వచ్చును' అని ధీమాగా రాశాను. కొలను పొడవు 25 మీటర్లు. మొదటిరోజు అవతలి గోడను 30 సెకన్లలో అందుకున్నాను కాని, దాన్ని పట్టుకుని వేలాడుతూ రెండు నిమిషాల పాటు మాట్లాడలేకపోయాను. పక్క లేన్‌లో అరవై దాటిన ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి నీళ్ళు చిమ్మకుండా, తొందర పడకుండా, అరగంట సేపు ఆగకుండా అటూ ఇటూ తిరుగుతున్నారు. నేనేమో అంతకు ముందు నెల దాకా వారానికి 20 కిలోమీటర్లు పరుగెత్తినవాడిని. దమ్ము ఆయనకన్నా నాకే ఎక్కువ ఉండాలి కదా అనుకున్నాను. ఆ లెక్క తప్పడానికి కారణం దమ్ము కాదని తెలియడానికి నాకు దాదాపు రెండు నెలలు పట్టింది.

అందులో మొదటి నెల వృథాగా పోయింది. అప్పుడు మా బ్యాచ్‌ను చూసిన శిక్షకుడు గట్టు మీద నిలబడి అందరికీ ఒకే మాట చెప్పేవాడు: కాళ్ళు గట్టిగా కొట్టండి, చేతులు వేగంగా తిప్పండి. నేను కొట్టాను, తిప్పాను. రెండో వారానికి 25 మీటర్ల చివర వచ్చే ఆయాసం ఇంకా పెరిగింది. జూలై మధ్యలో ఆయన స్థానంలో ఇరవై ఆరేళ్ళ కుర్రాడు వచ్చాడు. రాష్ట్రస్థాయి పోటీల్లో ఈదినవాడట. నాకన్నా పదిహేడేళ్ళు చిన్నవాడైనా మొదటిరోజే 'మాస్టారూ' అని పిలవడం మొదలుపెట్టాను, అతనికి నేను 'సార్'ని. నా ఈత ఒక్కసారి చూసి, చేతుల గురించి గాని, కాళ్ళ గురించి గాని ఏమీ అనకుండా, "సార్, మీరు ముందు నీళ్ళలో కింద కూర్చోండి" అన్నాడు.

నాలుగడుగుల లోతులో అడుగున కూర్చోవడమంటే చిన్నపనే అనుకున్నాను. ముక్కు బిగబట్టి మునిగాను, బెండులా పైకి తేలాను. మళ్ళీ మునిగాను, మళ్ళీ తేలాను. మాస్టారు పక్కనే మునిగి, ముక్కులోంచి సన్నని బుడగల దారం వదులుతూ, పీట మీద కూర్చున్నంత తీరిగ్గా అడుగున బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. నేను తేలిపోవడానికి కారణం ఛాతీలో ఉన్న గాలి. ఆ గాలిని నీటి కింద ఉన్నంత సేపూ నేను వదలడమే లేదు. నీటిలో ముఖం పెట్టగానే ఊపిరి బిగబట్టడం నాకు తొమ్మిదో ఏటి నుంచి ఉన్న అలవాటు. ఈదేటప్పుడు తల పైకి తీసిన ఆ అరక్షణంలోనే పాత గాలి వదలడం, కొత్త గాలి పీల్చడం రెండూ పూర్తి చేయాలని చూస్తున్నాను. రెండిట్లో ఏదీ సరిగా జరగడం లేదు. నాలుగో రోజున, ముక్కుతో 'మ్...' అని సన్నగా మూలిగినట్టు చేస్తూ గాలి అంతా వదిలేసరికి, పిరుదులు టైల్స్‌కు తగిలాయి. పైన ట్యూబులైటు వెలుగు అలల్లో ముక్కలవుతూ కనిపించింది. ఏ తొందరా అనిపించలేదు.

నాకు ఆయాసం ఎందుకు వస్తోందో అప్పుడు అర్థమైంది. ఊపిరి ఆడడం లేదన్న బాధను మనలో పుట్టించేది ముఖ్యంగా ఆక్సిజన్ కొరత కాదు, ఒంట్లో పేరుకునే కార్బన్ డయాక్సైడ్. మేము బడిలో దానిని బొగ్గుపులుసు వాయువు అని చదువుకున్నాం, ఆ పేరు విన్నప్పుడల్లా వంటింట్లో ఏదో మాడిన వాసన వచ్చినట్టుండేది. పరుగులో ఊపిరి దానంతట అది వెళ్తుంది, వస్తుంది. నీటిలో మాత్రం వదలడమన్నది మనం పూనుకుని చేయవలసిన పని. ముఖం నీటిలో ఉన్నంత సేపూ ఆగకుండా గాలి వదులుతూ ఉంటే, నోరు పైకి వచ్చినప్పుడు పీల్చడం ఒక్కటే మిగులుతుంది. ఈ ఒక్క సంగతి చక్కబడిన వారంలోనే 25 మీటర్లు ఈది, గోడ దగ్గర నిలబడి మాస్టారితో మామూలుగా మాట్లాడగలిగాను.

తరువాతి సమస్య తల. గాలి నిండిన ఊపిరితిత్తులు ఛాతీని తేలుస్తాయి, బరువైన నడుము, కాళ్ళు కిందికి దిగుతాయి. అందులోనూ ఇంచుమించు 5 కిలోల తలను నీటిపైకి ఎత్తితే కావడిలో ఒక తట్ట లేచినప్పుడు రెండోది వాలినట్టు కాళ్ళు మరింత దిగిపోతాయి. అప్పుడు మనం బల్లపరుపుగా కాక ఏటవాలుగా నీటిని నెట్టుకుంటూ వెళ్తాం. నీటి సాంద్రత గాలికన్నా దాదాపు 800 రెట్లు ఎక్కువ కాబట్టి, ఆ ఏటవాలుకు చెల్లించే మూల్యం చాలా పెద్దది. కొలను అడుగున ఉన్న నల్లగీతను చూస్తూ, మెడను వదులుగా ఉంచి, ఛాతీని కొంచెం నీటిలోకి ఒత్తమని మాస్టారు చెప్పాడు. చెప్పినంత సులువు కాలేదు. ప్రతి నాలుగైదు బారలకూ తల దానంతట అదే పైకి లేచి ఎదర గేదె ఉందేమోనని చూసేది.

కాళ్ళ విషయంలో నా అహంకారం పూర్తిగా పోయింది. కిక్ బోర్డు పట్టుకుని కాళ్ళు మాత్రమే ఆడిస్తూ వెళ్ళమంటే, పక్కన పన్నెండేళ్ళ పిల్లలు దూసుకుపోతుంటే, నేను ఉన్నచోటనే నీళ్ళు చిలుకుతున్నాను. పరుగెత్తేవాళ్ళకు చీలమండలు బిగుసుకుని ఉంటాయని, పాదం వెనక్కి సాగకపోతే అది తెడ్డులా కాక గుంజలా నీటికి అడ్డుపడుతుందని మాస్టారు వివరించాడు. మోకాళ్ళను సైకిలు తొక్కినట్టు మడవడం రెండో తప్పు. కదలిక తుంటి నుంచి మొదలై, మోకాలు కొద్దిగా మాత్రమే వంగి, పాదం దగ్గర కొరడా చివరలా ముగియాలి. ఇంట్లో వార్తలు చూసేటప్పుడు మోకాలికి నొప్పి లేనంత సేపు వజ్రాసనంలో కూర్చోమన్నాడు. రెండు నెలలకు పాదాలు కాస్త సాగాయి. అయినా నా కిక్ ఇప్పటికీ బలహీనమే. తొడ కండరాలు పెద్దవి గనుక గట్టిగా కొట్టినకొద్దీ అవి ఆక్సిజన్‌ను మింగేస్తాయని, దూరం ఈదాలనుకునేవాడికి ఒళ్ళు బల్లపరుపుగా తేలేటంత కిక్ చాలని తెలిశాక, ఆ బలహీనతతో రాజీ పడ్డాను. మొదటి శిక్షకుడు నెలరోజులు అరిచిన మాటకు ఇది సరిగ్గా వ్యతిరేకం.

శ్వాస కోసం పక్కకు తిరగడం నేర్చుకోవడానికి ఆగస్టు అంతా పట్టింది. ఒక చేయి ముందుకు చాపి, పక్కకు ఒరిగి, ఆరు కిక్‌లు కొట్టి, రెండో పక్కకు మారడం అనే అభ్యాసాన్ని రోజుకు ఎనిమిది పొడవులు చేసేవాడిని. తలను ఎత్తకూడదు, మొండెంతో పాటు తిప్పాలి. గాగుల్స్‌లో ఒక కన్ను నీటి కింద, ఒక కన్ను నీటిపైన ఉండాలి. ముందుకు కదిలే తల తన ముందర చిన్న అలను లేపుతుంది, దాని వెనుక, సరిగ్గా నోటి దగ్గర, నీటిమట్టం కొద్దిగా పల్లమవుతుంది. ఆ పల్లంలోంచే గాలి పీల్చుకోవచ్చు. ఇది నమ్మడానికి ముందు ఎన్ని గుక్కల క్లోరిన్ నీళ్ళు తాగానో లెక్కలేదు. నమ్మిన రోజున మాత్రం, అద్దంలో కుడికన్ను ముందు నీటి గీత నిలకడగా నిలిచి, పెదవి కొసనుంచి గాలి చల్లగా లోపలికి వచ్చింది.

సెప్టెంబరులో మాస్టారు నా ఫోనును నీరు చొరని సంచిలో పెట్టి నేను ఈదుతుండగా వీడియో తీశాడు. ఈత నేర్చుకునే పెద్దవాళ్ళకు ఇంతకు మించిన ఉపకారం లేదని నా అభిప్రాయం, ఎందుకంటే నీటిలో మన శరీరం ఏం చేస్తోందని మనం అనుకుంటామో, అది నిజంగా ఏం చేస్తోందో, రెండిటికీ పొంతన ఉండదు. నా చేయి తిన్నగా ముందుకు పోతోందనే అనుకున్నాను. వీడియోలో ఎడమచేయి తల ముందు నుంచి కుడివైపుకు దాటిపోతోంది, దాన్ని సరిదిద్దడానికి నడుము పాములా వంకర్లు పోతోంది, ఊపిరి తీసుకున్న ప్రతిసారీ కాళ్ళు పాత కత్తెరను గుర్తుచేసుకుంటున్నాయి. రెండు భుజాల ముందు రెండు రైలుపట్టాలు ఉన్నట్టు ఊహించుకుని, ఏ చేయి ఆ పట్టా మీదే పెట్టమన్నాడు. నీటిని పట్టే విధానం ఇంకా కష్టం. నేను చాపిన చేతిని బిర్రుగా ఉంచి నీటిని కిందికి నొక్కుతున్నాను, దానివల్ల తల లేస్తుందే తప్ప ఒళ్ళు ముందుకు సాగదు. మోచేయిని ఎత్తులోనే నిలిపి, ముంజేయి, అరచేయి కలిసి ఒకే పలకలా నిలువుగా దిగి, నీటిని వెనక్కి నెట్టాలి. పెద్ద డ్రమ్మును పైనుంచి కావలించుకున్నట్టుండాలన్నాడు. పిడికిలి బిగించి ఈదించిన తరువాత వేళ్ళు తెరవమన్నప్పుడు, ఆ అరచేయి ఎంత పెద్దదో మొదటిసారి తెలిసింది.

అక్టోబరులో ఎడమ భుజం నొప్పి పట్టింది. చొక్కా తొడుక్కోవడానికి చేయి ఎత్తితే సూది గుచ్చినట్టుండేది. బొటనవేలు ముందుగా నీటిలోకి దిగేలా అరచేయిని బయటికి తిప్పి వేయడం, ఆ చేయి మధ్యగీత దాటడం, రెండూ కలిసి భుజం కీలును కప్పి ఉండే కండరాలను ఎముకకు కలిపే పీచుతాళ్ళను ఒరిపిడికి గురిచేస్తాయని ఫిజియోథెరపిస్టు చెప్పారు. మూడు వారాలు చేతులు ఆడించకూడదన్నారు. ఈ వయసులో ఇదంతా అవసరమా అనిపించిన రోజులవి. పక్క లేన్ పెద్దాయన మాత్రం, "నలభైలలో ఈత నేర్చుకున్న మన గోలి శ్యామల గారు 2021లో శ్రీలంక నుంచి ధనుష్కోడి దాకా పాక్ జలసంధిని ఈదేశారయ్యా. నువ్వు కొలను ఈదలేవా?" అన్నారు. ఆవిడ ఈదింది సుమారు 30 కిలోమీటర్లు, నాకు 25 మీటర్లే గగనంగా ఉంది. పోలిక సరికాకపోయినా, ఆ మూడు వారాలూ మానకుండా వచ్చి కిక్ ఒక్కటే చేశాను, ఇంట్లో రబ్బరు బ్యాండుతో భుజానికి వ్యాయామాలు చేశాను. తిరిగి మొదలుపెట్టినప్పుడు వేళ్ళ కొసలు ముందుగా, అరచేయి అడుగువైపు చూసేలా నీటిలోకి దించడం అలవాటు చేసుకున్నాను. నొప్పి మళ్ళీ రాలేదు.

నవంబరు నుంచి నేను సమయాన్ని పక్కనపెట్టి బారలను లెక్కపెట్టాను. జూన్‌లో 25 మీటర్లకు నాకు 31 బారలు పట్టేవి. నవంబరు చివరికి 24, డిసెంబరులో 21. చలికి బ్యాచ్ పలచబడి ఒక లేన్ నాకొక్కడికే మిగిలిన ఒక ఉదయం, మొదటిసారి ఆగకుండా 400 మీటర్లు, అంటే పదహారు పొడవులు, పదకొండు నిమిషాల్లో ఈదాను. ఒక్కొక్క పొడవుకు పట్టినది 40 సెకన్ల పైమాటే. జూన్ నాటి 30 సెకన్లకన్నా నెమ్మదిగా ఈదుతూ దాన్ని అభివృద్ధి అనుకోవడం వింతగానే ఉంటుంది. పోటీల నిబంధనల ప్రకారం ఫ్రీస్టైల్ పందెంలో ఏ పద్ధతిలోనైనా ఈదవచ్చు కాబట్టి, నా కాలువ ఈతను ఎవరూ అనర్హమనలేరు కూడా. కాని దానితో నేను రెండో గోడ దాకా వెళ్ళలేను.

సంక్రాంతికి ఊరు వెళ్ళి కాలువలో దిగాను. అడుగున నల్లగీత లేదు, మట్టినీటిలో చాపిన నా చేయే నాకు కనపడలేదు. ఇరవై బారలు వేసి తల ఎత్తి చూసేసరికి ప్రవాహం నన్ను రేవుకు చాలా దిగువకు తోసేసింది. గట్టు మీద మా బాబాయి పంచె ఎగగట్టి పరుగెత్తుకొస్తున్నాడు. "తల లేపవేంట్రా? మునిగిపోయావనుకుని హడలి చచ్చాను" అని తిట్టాడు. తిరిగి రేవుకు వచ్చేటప్పుడు ఆయన కళ్ళెదుట తల ఎత్తి పాత పద్ధతిలోనే ఈదాను, ఎదురు ప్రవాహంలో రేవు చేరేసరికి ఆయాసం జూన్‌లో వచ్చినట్టే వచ్చింది.

ఇప్పుడు మాస్టారు మూడు బారలకొకసారి, కుడి ఎడమలు మారుస్తూ ఊపిరి తీసుకోమంటున్నాడు. కుడివైపు సరే. ఎడమవైపు తిరిగితే చాపిన కుడిచేయి ఇంకా కిందికి జారిపోతోంది, నోరు ఆ పల్లాన్ని అందుకోలేకపోతోంది, మూడింట ఒకసారి నీళ్ళు మింగుతున్నాను. ఈ నెలంతా ఎడమవైపు ఆరు కిక్‌ల అభ్యాసమే రాసి ఇచ్చాడు, రోజుకు ఎనిమిది పొడవులు.