మూడో నెల జుట్టు

సోమవారం. రోహిణి కార్తె.

పదకొండు కాకముందే నెల్లూరు పొగతోటలో తారు మెత్తబడింది. ఈ ఎండల్లో జుట్టు నాటించుకోకూడదని కాదు గానీ, సంక్రాంతి రోజులతో పోలిస్తే జాగ్రత్త రెండింతలు కావాలి. చెమట పట్టినంత మాత్రాన నాటిన వెంట్రుక కుదురు ఊడి రాదు. చెమటకి దురద పుడుతుంది, నిద్రలో చెయ్యి తల మీదికి పోతుంది. నష్టమంతా ఆ గోటి దగ్గరే.

పొద్దున క్లినిక్కుకి వచ్చిన మొదటి మనిషి కావలి కుర్రాడు, ఆపరేషనయి మూడో రోజు. కళ్లు తెరుచుకోనంత వాపు. వెంట వచ్చిన వాళ్లమ్మ భయపడిపోయింది. మత్తుమందుతో పాటు తల చర్మం కింద ఎక్కించిన సెలైన్ నుదుటి మీదుగా కిందికి దిగుతుంది. రెండో రోజుకి నుదురు, మూడు నాలుగు రోజులకి కళ్లు ఉబ్బుతాయి, వారంలోపు తగ్గిపోతుంది. కరెంటు పోయిందని మిద్దె మీద చాపేసుకుని వెల్లకిలా పడుకున్నాడట, అందుకే ఇంత. మొదటి నాలుగైదు రాత్రులు మూడు దిండ్లు పెట్టుకుని సగం కూర్చున్నట్టు పడుకోవాలి. ఐసు గుడ్డలో చుట్టి నుదుటి మీద పది నిమిషాలు పెట్టొచ్చు, నాటిన చోట మాత్రం పెట్టకూడదు. జ్వరమొచ్చినా, ఒకే చోట ఎర్రగా వేడెక్కి చీము కారినా అది ఈ వాపు కాదు. తెల్లారేదాకా ఆగకుండా డాక్టరుకి చూపించాలి.

ఆమె రెండో ప్రశ్న ఇక్కడ అందరూ అడిగేదే. “పప్పు పెట్టొచ్చా సార్, చీము పట్టదా?” పట్టదమ్మా. వెంట్రుక తయారయ్యేదే మాంసకృత్తులతో. పప్పు, గుడ్డు, చేప అన్నీ పెట్టాలి. చేపల పులుసులో కారం మాత్రం ఓ వారం తగ్గిస్తే నుదుటికి చెమట పట్టదు. పథ్యం పట్టాల్సింది సిగరెట్టుకి. నాటిన కుదురుకి మొదటి రెండు మూడు రోజులు సొంత రక్తనాళం ఉండదు, చుట్టుపక్కల చర్మంలో ఊరే ద్రవంతోనే బతుకుతుంది. తర్వాత సన్నని నాళాలు వచ్చి అతుక్కుంటాయి. నికోటిన్ ఆ నాళాల్నే బిగించేస్తుంది. ఇంట్లో వంకాయ మానిపించి, వీధి చివర సిగరెట్టు తాగనిచ్చే పథ్యం ఎందుకూ పనికిరాదు.

తల కడగడం దగ్గరే ఎక్కువసేపు పడుతుంది. మెలకువగా ఉన్నంతసేపూ మొదటి రెండు మూడు రోజులు అరగంటకో గంటకో సెలైన్ స్ప్రే చేస్తుంటే చెక్కు గట్టిపడదు. మొదటి కడుగు ఎప్పుడన్నది చేసిన డాక్టరు చెప్తాడు, మామూలుగా ఒకటి నుంచి మూడు రోజుల మధ్య. మెత్తటి షాంపూ నురగ చేసి, రుద్దకుండా అద్ది పది నిమిషాలు వదిలేయాలి. ఆ తర్వాత గోరువెచ్చని నీళ్లు మగ్గుతో దగ్గరగా, నెమ్మదిగా పొయ్యాలి. షవరు ధార వద్దు. తీరం వైపు ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, ఆరాక చర్మం బిర్రుగా పట్టేసి దురద పెడుతుంది. మొదటి పది రోజులకీ క్యాన్ నీళ్లు తెప్పించుకుంటే పోతుంది. తువ్వాలుతో తుడవకూడదు, దానంతటదే ఆరాలి.

పది రోజులు దాటాక కుదురు లాగినా రానంతగా పట్టుకుంటుంది. అప్పుడు వేలి చివర్లతో, గోరు తగలకుండా గుండ్రంగా రుద్దితే మిగిలిన చెక్కు రెండు మూడు కడుగుల్లో రాలిపోతుంది. భయపడి పదిహేను రోజులు ముట్టుకోకుండా వదిలేస్తే చెక్కు పలకలా గట్టిపడి, కింద చర్మం చెడుతుంది. అతిజాగ్రత్తా ప్రమాదమే.

ఈ పది రోజుల్లో దెబ్బ ఎక్కువగా తగిలేది ఆటో టాపుకీ కారు తలుపుకీ. మెడ దాకా బిగుతుగా దిగే టీషర్టు కూడా అంతే, గుండీల చొక్కా వేసుకోవాలి. హెల్మెట్టు తీసేటప్పుడు ముందు వరసని రాసుకుంటూ వస్తుంది కాబట్టి రెండు వారాలు బండి మానేసి బస్సెక్కడం నయం. హెల్మెట్టు లేకుండా బండెక్కడం అంతకంటే తెలివితక్కువ. ఎక్కడైనా తగిలి రక్తమొస్తే శుభ్రమైన గాజుగుడ్డతో ఐదు నిమిషాలు అదిమిపట్టి, డాక్టరుకి ఫోన్ చెయ్యాలి.

మధ్యాహ్నం ఫోన్లన్నీ మూడు వారాలు దాటినవాళ్లవి. ఒంగోలు నుంచి ఒకాయన, రైతు: “ఏందన్నా ఇది, మొత్తం రాలిపోతా ఉండాది. నాటు తిరగలేదా?” తిరిగింది. నాటిన మూడో వారం నుంచి రెండో నెల చివరిదాకా పైనున్న వెంట్రుక రాలుతుంది. కోతకి, కాసేపు రక్తం అందకపోవడానికి బెదిరిన కుదురు విశ్రాంతిలోకి పోతుంది. రాలిన వెంట్రుక మొదట్లో తెల్లటి చిన్న బొడిపె కనిపిస్తే కుదురే ఊడొచ్చిందనుకుంటారు. అది చచ్చిన వెంట్రుక మొదలు మాత్రమే. రక్తం రాలేదంటే కుదురు లోపలే ఉంది. పక్కనున్న పాత జుట్టు, నాటడానికి తల వెనక కుదుళ్లు తీసిన చోటి జుట్టు కూడా కొంత రాలొచ్చు. మూడు నాలుగు నెలల్లో చాలావరకు తిరిగొస్తుంది.

అసలు కష్టకాలం మూడో నెల. ఆపరేషనుకి ముందున్నదానికంటే పలచగా కనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే పీఆర్‌పీ ప్యాకేజీలు అమ్ముతారు, అంటే మన రక్తం నుంచే తీసిన ప్లేట్‌లెట్ల ద్రవాన్ని తలలోకి సూదులతో ఎక్కించడం. భయపడినవాడు కొంటాడు, నాలుగో నెలలో ఎలాగూ మొలిచే జుట్టు ఆ సూదుల ఖాతాలో పడుతుంది. ఇది నాకు నచ్చని వ్యాపారం.

మూడు నాలుగు నెలలకి మొదటి మొలకలు. సన్నగా, వంకరగా, కొన్ని పీచులా ఉంటాయి. చర్మం కిందే ఇరుక్కున్నవి చిన్న పొక్కులవుతాయి, గోరువెచ్చని గుడ్డ కాపడం చాలు, గిల్లకూడదు. వెంట్రుక నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి ఆరో నెలకి సగం ఫలితమే. ముందువైపుకి ఏడాది, నడినెత్తికి పదిహేను పద్దెనిమిది నెలలు. రోజూ అద్దం చూసుకుంటే ఏమీ తెలియదు. నెలకొక్క ఫోటో, అదే కిటికీ పక్కన, తల ఆరబెట్టుకుని, అదే కోణంలో తీసుకోవాలి.

తల వెనక నుంచి తెచ్చి నాటిన కుదురు ఎక్కడ పెట్టినా రాలకుండా నిలిచే తన గుణం పోగొట్టుకోదని న్యూయార్క్ చర్మవైద్యుడు నార్మన్ ఒరెంట్రైక్ 1959లో రాశాడు. ఆ గుణం నాటినవాటికే, వాటి మధ్యనున్న పాత జుట్టుకి లేదు, అది రాలుతూనే పోతుంది. అందుకే తలకి పూసే మందు మినాక్సిడిల్ 5 శాతం, మగవాళ్లకి ఫినాస్టెరైడ్ 1 మిల్లీగ్రాము మాత్ర డాక్టర్లు రాసిస్తారు. ఫినాస్టెరైడ్ కొందరిలో లైంగిక కోరిక తగ్గిస్తుంది, మనసు కుంగదీస్తుంది. డాక్టరుతో మాట్లాడకుండా మెడికల్ షాపులో అడిగి వేసుకునే మాత్ర కాదు.

సాయంత్రం ఆఖరుగా వచ్చినతను నాలుగో నెల. జుట్టు బాగానే వస్తోంది. వాళ్ల నాన్నకి పెంచలకోన మొక్కు గుర్తొచ్చిందట, గుండు చేయించొచ్చా అని. కత్తి పైవెంట్రుకనే కోస్తుంది, నాలుగు మిల్లీమీటర్ల లోతున్న కుదుర్ని కాదు. కానీ నాటిన చోట స్పర్శ తిరిగి రావడానికి నెలలు పడుతుంది, కత్తి తెగినా తెలియదు, మొలకల దగ్గర పొక్కులూ లేస్తాయి. కత్తెరతో కత్తిరించుకోవడం నెల దాటితే పర్లేదు. గుండు ఏడాది నిండాక. మొక్కు వచ్చే ఏడాదికి పెట్టుకోమని చెప్పి పంపాం.