పెద్దమ్మ పాట

ఆదివారం. పాట వీడియో తీయడానికి తెల్లారి నాలుగున్నరకే శ్రీకాకుళంలో బయల్దేరి కళింగపట్నం సముద్రతీరానికి వెళ్లాం. నేను, తమ్ముడు, పెద్దమ్మ, వాడి స్నేహితులు ముగ్గురు. పొద్దు పొడిచే వేళకే మొదటి షాటు పడాలని తమ్ముడి తొందర.

పాట పెద్దమ్మది. ఊడ్పుల్లో పాడుకునేది. పోయిన నెలలోనే ఆవిడ గొంతు రికార్డు చేశారు. ఇవాళ దానికి పెదాలు కదిపేది మాత్రం ఒక డాన్సరు అమ్మాయి.

స్లోమోషన్ షాటు తీస్తుంటే పక్కనే నిలబడి చూశాను. స్పీకర్లో పాట రెట్టింపు వేగంతో పెట్టారు. పెద్దమ్మ గొంతు పిచ్చుకల గోలలా వినిపించింది. ఆ పిల్ల అంత వేగంగానూ ఒక్క మాట తప్పకుండా పెదాలు కదిపింది. కెమెరా సెకనుకి 50 ఫ్రేములు తీస్తుందట. వాటిని 25 చొప్పున చూపిస్తే కొంగు మెల్లగా ఎగురుతుంది, పెదాలేమో మామూలు పాటతో సరిగ్గా కలుస్తాయి. ఎంత కష్టమైన పనో!

కానీ నా మనసు ఒప్పుకోలేదు. చిన్నప్పుడు శుక్రవారం చిత్రలహరిలో పాటలు చూసేవాళ్లం. పాడినవాళ్ల మొహం ఒక్కసారీ కనబడేది కాదు. సొంతంగా తీసుకుంటున్న పాటలో కూడా పెద్దమ్మ కనబడకపోతే ఎలా?

పట్టుబట్టి ఆవిడని నిలబెట్టాను. మూడు టేకులూ పోయాయి. ఒకసారి రాగం సాగదీసింది, ఇంకోసారి మాటే మార్చేసింది.

"ఆ రోజు పాడినట్టే ఇయ్యాల ఎలగ పాడతాన్రా?" అంది.

నిజమే. నాట్లేసే చెయ్యి జోరుని బట్టి సాగే పాట అది.

అప్పుడు తమ్ముడికి అమెరికా గాయకుడు బాబ్ డిలాన్ సంగతి చెప్పాను. 1981లో పాటల వీడియోల ఛానెల్ ఎంటీవీ రాకముందే, 1965లో, లండన్‌లో ఒక సందులో నిలబడి, పెదాలు కదపకుండా, పాటలోని మాటలు రాసిన అట్టలు ఒక్కొక్కటే కింద పడేశాడు. అదీ పాట వీడియోయే. పెదాలు కలిసి తీరాలని ఎక్కడుంది?

వాడు కాసేపు ఇసుకలోకి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత స్పీకరు కట్టేసి, పెద్దమ్మ చీర కొంగుకి చిన్న మైకు తగిలించాడు. గాలి హోరు పడకుండా దాని మీద దూది చుట్టాడు.

పెద్దమ్మ పడవకి ఆనుకుని కూర్చుని కళ్లు మూసుకుంది. రికార్డింగులో లేని చరణం ఎత్తుకుంది. మా అమ్మ పేరు కలిపి పాడింది.

"అప్పా, ఇదే ముందు పెడతాను. వాయిద్యాలు వద్దు" అన్నాడు తమ్ముడు.