నరికితేనే బతికే అడవి

మా అబ్బాయి కేంబ్రిడ్జ్‌లో ఉంటాడు. లండన్ చూడటాలు, ఫొటోలు దిగడాలు మొదటిసారి వెళ్లినప్పుడే అయిపోయాయి. ఈసారి ఏప్రిల్‌లో వెళ్తే, "నాన్నా, నీకు బిల్డింగులు పడవు. సఫోక్ వైపు పొలాల్లో నడుద్దాం" అన్నాడు. బరీ సెయింట్ ఎడ్మండ్స్ దాటాక ఒక చిన్న ఊళ్లో కారు పెట్టేసి, బ్రాడ్‌ఫీల్డ్ వుడ్స్ అనే అడవికి నడక మొదలుపెట్టాం.

దారి ఎవరిదో గోధుమ చేను మధ్య నుంచే. గట్టు వెంట కాదు, నట్టనడుమ. కంచె దగ్గర గుంజకు పసుపు రంగు బాణం గుర్తు ఉంది. అదుంటే జనం నడిచే దారి అని లెక్క, ఎవరూ ఆపడానికి లేదు. రైతు చేను దున్నుకోవచ్చు, విత్తుకోవచ్చు. కానీ విత్తనానికి దున్నాక 14 రోజుల్లోపు ఆ దారిని మళ్లీ కనబడేలా చెయ్యాలి, కనీసం మీటరు వెడల్పు వదలాలి. చట్టమే అట్లా ఉందట. ఖమ్మం జిల్లాలో వ్యవసాయం చేసి జుట్టు నెరిసినవాణ్ని, నాకిది ఒక పట్టాన మింగుడుపడలేదు. మా దగ్గర పక్కవాడి గేదె గట్టు దిగితే సాయంత్రానికి పంచాయితీ.

నేల బంకమట్టి. ముందురోజు వాన పడిందేమో, అడుగు తీసి అడుగు వేసేసరికి బూటు కింద ఇంకో బూటు తయారవుతోంది. మా ఆవిడ "ఇదేం సుఖమండీ, ఇంటి దగ్గర నాట్లకు దిగినట్టుంది" అంటూనే మా అందరికంటే ముందు నడిచింది. నా మోకాళ్లకే కష్టమైంది. ఎదురొచ్చిన ముసలివాళ్లందరి చేతుల్లోనూ కర్రలున్నాయి. షాపుల్లో అమ్మే అల్యూమినియం కర్రలు కొందరివి, బెరడుతో ఉన్న అసలు కర్రలు కొందరివి.

అడవి చేరాక మొదట నిరాశే. చెట్లు నరికేసి ఉన్నాయి! ఎకరాలకెకరాలు మోడులు, పక్కన పేర్చిన కట్టెలు. ఇదేం అడవి అనుకుంటూ బోర్డు చదివాను. 1252 నుంచి దీన్ని ఇలాగే వంతులవారీగా నరుకుతున్నారట. అప్పట్లో ఇది బరీలోని క్రైస్తవ సన్యాసుల మఠానిది. ఆ ఏడాది మన ఓరుగల్లులో గణపతిదేవుడు రాజ్యం చేస్తున్నాడు. ఆయన రాజ్యం పోయింది, ఆ మఠం శిథిలమైంది, ఈ నరుకుడు మాత్రం ఆగలేదు.

పద్ధతి నాకు కొత్తేం కాదు. జామాయిల్ తోట కొట్టాక మోడు నుంచి పిలకలు లేస్తాయి, వాటిని మళ్లీ నాలుగైదేళ్లకు కొడతాం. ఇక్కడ హేజెల్, యాష్ చెట్లను చలికాలంలో నేలకు జానెడు ఎత్తున నరుకుతారు. హేజెల్‌ను ఏడెనిమిదేళ్లకో, పదేళ్లకో మళ్లీ కొడతారు. తేడా ఎక్కడంటే, మేం మూడు కోతలయ్యాక మోడులు పీకించేస్తాం. వీళ్లు పీకరు. ఒక యాష్ మోడు చుట్టూ తిరిగి చూశాను. నడుమ ఉన్న పాత కొయ్య ఎప్పుడో కుళ్లి మట్టిలో కలిసిపోయింది, అంచు మాత్రం వలయంగా బతికుంది, దాని మీద కొత్త గెడలు. ఇలాంటివి వందల ఏళ్లవి. ముట్టుకోకుండా వదిలేసిన చెట్టు తన ఆయుష్షు తీరగానే పడిపోతుంది. కొడుతూ ఉంటే మోడు చావదు. కొట్టిన జాగాలో ఎండ నేలకు దిగి లేత పసుపు ఆక్స్‌లిప్ పూలు విరగబూశాయి. పక్కన పదేళ్లుగా ముట్టని జాగాలో చీకటి, ఒకటీ అరా పూలు. 1960ల్లో ఈ అడవిలో కొంత భాగాన్ని వేళ్లతో సహా పెళ్లగించి పొలం చేశారట. అది మళ్లీ రాలేదు. గొడ్డలికి తట్టుకున్న అడవి బుల్డోజరుకు తట్టుకోలేదన్నమాట.

తిరుగుదారిలో ఊరి చివర ఒక ఇంటి ముందు "చేతికర్రలు అమ్మబడును" అని అట్టముక్క. షెడ్డులో ఒక పెద్దాయన హేజెల్ కర్రను ఆవిరి మీద పెట్టి, వేడెక్కాక మోకాలికి ఆనించి ఉన్న కాస్త వంకర సరిచేస్తున్నాడు. కొంచెం వంచడం, ఒక కన్ను మూసి చూడటం, మళ్లీ వంచడం. తొందర లేదు. కర్ర కొట్టేది చలికాలంలోనేనట. రసం కిందికి దిగి ఉంటుంది కాబట్టి బెరడు ఊడదు. కొట్టాక ఎండ తగలని చోట, అంగుళం మందానికి ఏడాది చొప్పున ఆరబెట్టాలి. మోడు మీద గెడలు గుంపుగా లేచి వెలుతురు కోసం పోటీపడి పైకి పోతాయి కాబట్టే ఇంత తిన్నగా వస్తాయని చెప్పాడు. హనీసకిల్ తీగ బిగించి చుట్టుకున్న గెడ మాత్రం స్క్రూలాగా మెలిక తిరుగుతుంది. అట్లాంటి కర్రకు గిరాకీ, ధరా ఎక్కువ. కొన్నింటికి పొట్టేలు కొమ్ము వేడిచేసి వంచి పిడి వేశాడు. అవి అందంగానే ఉన్నాయి గానీ, నాకు షోకేసులో పెట్టే సరుకులా అనిపించాయి.

యాష్ కర్ర అడిగితే లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. శిలీంధ్రం తెగులొచ్చి దేశమంతా యాష్ చెట్లు ఎండిపోతున్నాయి, 2012లో మొదట బయటపడింది, కొత్త కర్ర దొరకడం కష్టమవుతోందన్నాడు. చివరికి పైన పంగ ఉన్న హేజెల్ కర్ర తీసుకున్నాను. పంగలో బొటనవేలు ఆనించి పట్టుకోవాలి. నన్ను నిటారుగా నిలబెట్టి, చంక కింద దాకా కొలిచి, అడుగున కోసి, ఇత్తడి పొన్ను దిగ్గొట్టాడు. మా వాడు 30 పౌండ్లు ఇచ్చాడు. రూపాయల్లోకి మార్చి చెప్పమని మా ఆవిడ అడిగింది, వాడు చెప్పలేదు.

పెద్దాయన ఒక రబ్బరు తొడుగు కూడా ఉచితంగా ఇచ్చాడు. మట్టిలో ఇత్తడి పట్టు ఇస్తుంది, నున్నటి గచ్చు మీద జారుతుంది, ఇంట్లో నడిచేటప్పుడు ఇది తొడుక్కోమన్నాడు. దాన్ని జేబులో వేసుకుని, గోధుమ చేల మీదుగా కారు దగ్గరికి బయల్దేరాం. ఈసారి మా ఆవిడే వెనకబడింది. సగం దారిలో కర్ర అడిగి తీసుకుంది, ఇక నాకివ్వలేదు.