ఎర్రబడకముందే కొట్టేసిన టికెట్లు

రెస్టారెంట్ కిచెన్లలో ఆర్డర్ స్క్రీన్లు పెట్టించడం, ఆ తర్వాత వాటి లెక్కలు చూడటం నా పని. వీటిని కేడీఎస్ (కిచెన్ డిస్‌ప్లే సిస్టమ్) అంటారు. కేఓటీ, అంటే కిచెన్‌కి పంపే ఆర్డరు చీటీ, బదులు ఆర్డరు తెర మీద పడుతుంది. వంట అయ్యాక బటన్ నొక్కితే పోతుంది. ఆ నొక్కడాన్నే బంప్ కొట్టడం అంటాం. ఆర్డరు పడినప్పటి నుంచి బంప్ కొట్టేదాకా పట్టిన టైమే రిపోర్టులో వంట సమయంగా కనిపిస్తుంది. ఆ రిపోర్టు చూసే యజమానులు మనుషుల్ని పెంచుతారు, తగ్గిస్తారు, మెనూలోంచి ఐటమ్స్ తీసేస్తారు. కానీ ఆ పెట్టెకు వంట సంగతి ఏం తెలుసు? వేలు ఎప్పుడు పడిందో తెలుసు, అంతే.

అందుకే కొత్త కిచెన్ డేటా చేతికొస్తే ముందు సగటు జోలికి పోను. ఆర్డరు పడిన ఎన్నో నిమిషానికి ఎన్ని టికెట్లు (తెర మీది ఆర్డర్లు) క్లోజ్ అయ్యాయో గ్రాఫ్ గీస్తాను. ఒకచోట 12వ నిమిషానికి టికెట్ ఎర్రబడేలా సెట్ చేశారు. గ్రాఫ్‌లో 11వ నిమిషం దగ్గర గుట్ట, 12 దాటగానే మైదానం. పొయ్యికి 12వ నిమిషం ఎప్పుడొచ్చిందో తెలియదు కదా! నిజం వంట సమయాలైతే కుడివైపు మెల్లగా సాగుతూ పోతాయి. ఏదో ఒక ఐటమ్ మాడుతుంది, మళ్లీ పెడతారు. ఏదో ఒక టేబుల్ పెద్ద ఆర్డర్ ఇస్తుంది. ఆ సాగుడు లేదంటే ఎవరో తెరను చూసి నొక్కుతున్నారన్నమాట.

రద్దీ టైములో అక్కడికి వెళ్లి పాస్ దగ్గర, అంటే రెడీ అయిన ప్లేట్లు బయటికిచ్చే బల్ల దగ్గర, నిలబడ్డాను. గ్రిల్ దగ్గరున్న కుర్రాడు, పెనం మీద ఐటమ్ సగం కూడా కాకముందే, వెనక్కి తిరక్కుండా మోచేత్తో బంప్ బార్ మీద ఒక్కటిచ్చాడు. ఆ బార్ మీద నూనె జిడ్డుకి రెండు బటన్ల అంకెలు కనపడనే కనపడవు. అయినా గురి తప్పలేదు. అడిగితే దాచలేదు కూడా.

“ఎర్రబడితే మేనేజర్ గారి ఫోనుకి మెసేజ్ పోద్దన్నా. ఆయనొచ్చి నెత్తి మీద నిలబడతారు. ఆ టెన్షన్ ఎందుకని ముందే కొట్టేస్తాం.”

“తెర మీంచి పోయాక ఏది ఏ టేబుల్‌దో ఎలా గుర్తుంటుంది?”

“బుర్రలో పెట్టుకుంటాం. మర్చిపోతే రీకాల్.”

రీకాల్ అంటే కొట్టేసిన టికెట్‌ని మళ్లీ తెర మీదికి తెప్పించుకోవడం. అదే మంచి ఆధారం. రీకాల్స్ ఎక్కువున్న స్టేషన్లో (గ్రిల్ లాంటి ఒక్కో వంట చోటు) వంట కాకముందే కొట్టే బంపులు ఎక్కువని నా అనుమానం, చాలాసార్లు అది నిజమే అవుతుంది. రీకాల్ చేసిన టికెట్‌కి మొదటి బంప్‌ని లెక్కలోకి తీసుకుంటారా, చివరిదాన్నా అన్నది సాఫ్ట్‌వేర్‌ని బట్టి ఉంటుంది. కొనేముందే అడగాల్సిన ప్రశ్న ఇది, ఎవరూ అడగరు.

తప్పు ఆ కుర్రాడిదని నేననుకోను. ఏదైనా కొలతను పట్టుకుని జనాన్ని అదుపు చేయబోతే ఆ కొలతే చెడిపోతుందన్న సంగతి బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్య విధానం గురించి రాస్తూ పట్టుకున్నారు. ఆయనది బ్యాంకుల గొడవ, మనది పెనం గొడవ.

ఆలస్యంగా కొట్టడం దీనికి తిరగేసిన జబ్బు. రద్దీలో ఎవరూ స్క్రీన్ ముట్టుకోరు, కాస్త తెరిపి దొరకగానే వరసబెట్టి కొట్టేస్తారు. లాగ్‌లో ఒకే సెకనులో మూడు నాలుగు టికెట్లు క్లోజ్ అయి కనిపిస్తాయి. రాత్రి మూసేటప్పుడు ఊడ్చిపెట్టిన టికెట్లయితే మూడేసి గంటలు చూపిస్తాయి. అలాంటివి నాలుగు చాలు, సగటు ఎందుకూ పనికిరాదు. నేను మధ్యస్థం (టైములన్నీ వరసగా పేర్చితే నడిమధ్యన వచ్చేది) చూస్తాను, దానితోపాటు నూటికి తొంభై టికెట్లు ఎన్ని నిమిషాల్లోపు అయ్యాయో చూస్తాను.

మొత్తం రిపోర్టుని నమ్మాలా వద్దా తేల్చుకోవడానికి ఒక లెక్కుంది. అమెరికన్ పరిశోధకుడు జాన్ లిటిల్ 1961లో రుజువు చేసిన సూత్రం అది: లోపల సగటున ఎన్ని ఉన్నాయో, అది వచ్చే వేగాన్ని ఒక్కొక్కటీ ఉండే సమయంతో గుణిస్తే వచ్చేదానికి సమానం. గంటకు 40 ఆర్డర్లు వస్తున్నాయి. కిచెన్లో నిలబడి పది నిమిషాలకోసారి లెక్కపెడితే సగటున ఆరు ఆర్డర్లు చేతిలో ఉన్నాయి. అంటే ఒక్కో ఆర్డరుకి 9 నిమిషాలు పడుతోంది. స్క్రీన్ 5 అంటే స్క్రీన్ మాట నమ్మను. ఒకటే షరతు, తెర మీది టికెట్లు కాదు, పొయ్యి మీదున్నవీ వంతు కోసం ఎదురుచూస్తున్నవీ లెక్కపెట్టాలి. దీనికి స్టాప్‌వాచ్ కూడా అక్కర్లేదు.

మొదలయ్యే టైమూ అంత అమాయకమైందేమీ కాదు. కెప్టెన్ అన్ని కోర్సులూ ఒకేసారి ఎంటర్ చేసి, రెండోదాన్ని హోల్డ్‌లో పెడతాడు. దాని గడియారం ఫైర్ చేసినప్పటి నుంచి, అంటే ఇక వండమని చెప్పినప్పటి నుంచి నడవాలి, ఎంటర్ చేసినప్పటి నుంచి కాదు. నెట్ పోయినప్పుడు ట్యాబ్‌లో ఇరుక్కున్న ఆర్డర్లు తర్వాత ఒక్కసారిగా వచ్చి పడతాయి. వాటి మీద ట్యాబ్ టైము పడుతుందా, సర్వర్ టైమా? రెండూ కలిస్తే మైనస్ నిమిషాలు కూడా చూడొచ్చు. మామూలు క్వార్ట్జ్ గడియారం పది లక్షల్లో 20 వంతులు తప్పినా రోజుకు 1.7 సెకన్లు, నెలకు 50 సెకన్ల పైమాటే. అన్నిటినీ ఎన్‌టీపీతో (నెట్‌వర్క్ ద్వారా గడియారాల్ని సరిచేసే పద్ధతి) ఒకే గడియారానికి కట్టేస్తే ఆ గొడవ వదిలిపోతుంది.

ఆ 12 నిమిషాల కిచెన్లో చేసింది చాలా తక్కువ. వంట సమయం లెక్కకు స్టేషన్ బంప్‌ని వదిలేసి, ప్లేటు పాస్ మీద పెట్టాక ఎక్స్‌పో (పాస్ దగ్గర ప్లేట్లు సరిచూసి పంపే మనిషి) కొట్టే బంప్‌నే తీసుకున్నాం. ఆ బటన్ని రెండడుగుల దూరం నుంచి ప్లేటు పెట్టే చోటికే జరిపాం, ప్లేటు పెట్టిన చేత్తోనే కొట్టేలా. మేనేజర్ ఫోనుకి పోయే మెసేజ్ ఆపించాం. దీనికి ఆయన్ని ఒప్పించడమే అన్నిటికంటే కష్టమైంది. డెలివరీ యాప్‌లో ‘ఫుడ్ రెడీ’ మాత్రం ఇంకా తేలలేదు. రైడర్ తొందరగా వస్తాడని ముందే నొక్కుతారు, అతనొచ్చి గుమ్మంలో నిలబడతాడు. ప్యాకింగ్ బల్ల మీద సీలు వేశాకే నొక్కమన్నాను, చూడాలి.

యజమానికి మాత్రం ముందే చెప్పిపెట్టాను: మార్పు చేసిన తేదీ నుంచి మధ్యస్థం పెరుగుతుంది, కిచెన్ నెమ్మదించినట్టు కనిపిస్తుంది, పాత నెలలతో పోల్చొద్దని. గ్రాఫ్‌లో ఆ తేదీ దగ్గర నిలువు గీత గీసిచ్చాను. అయినా మొదటి రిపోర్టు రాగానే ఫోన్ చేసి, “వీళ్లేంటండీ, ఇంత స్లో అయ్యారు?” అనే అడిగారు.