గొడుగు ఎందుకు తెరుచుకోలేదంటే: నీటి రాకెట్టు, ఆరో ప్రయోగం

తెరుచుకుంది! ఈ ఆదివారం 11:20కి, నడినెత్తిన ఎండలో, 47 మీటర్ల ఎత్తున పారాచూట్ నిండుగా విచ్చుకుంది. రాకెట్టు సెకనుకు 4 మీటర్ల చొప్పున దిగుతుంటే నాతో కలిసి ఎగరేసే పిల్లలు పరుగెత్తి, నేలకు తగలకముందే చేతుల్లోకి తీసుకున్నారు.

నేను రాసి పెట్టుకోవాలనుకున్నది మాత్రం అంతకుముందు నాలుగుసార్లు ఎందుకు తెరుచుకోలేదన్నది. నెలన్నర పాటు నా బుర్ర తిన్న విషయం అది. తిరుపతిలో ఇంకెవరైనా ఇలాంటిది కడుతుంటే వాళ్లకు ఆ నెలన్నర మిగలాలి.

రాకెట్టు సంగతి క్లుప్తంగా. 2.25 లీటర్ల థమ్స్ అప్ బాటిల్, మూడు రెక్కలు, పైన పారాచూట్ గది, అన్నీ కలిపి 285 గ్రాములు. నీళ్లు 750 మిల్లీలీటర్లు, గాలి పీడనం 80 పీఎస్ఐ. ఎత్తు ఎప్పుడూ 45 నుంచి 52 మీటర్ల మధ్యే వస్తోంది. ఎగరడంలో ఏనాడూ ఇబ్బంది లేదు. రేణిగుంట విమానాశ్రయం వైపు, కొండ వైపు మేం అసలు పోము. పాకాల దారిలో ఒక రైతు తన మామిడి తోట పక్కనున్న బీడు వాడుకోమన్నాడు. ఆయన ప్రతి ఆదివారం గట్టు మీద కూర్చుని, "ఏం సామీ, ఈసారన్నా గొడుగు తెరుచుకుంటాదా?" అని అడిగేవాడు. ఆయన గొడుగు అనడం సరైన మాటే, మా పారాచూట్ పాత గొడుగు గుడ్డతో కుట్టిందే. చెత్త కవర్లతో చేసేవాటికన్నా ఇది వంద రెట్లు నయం. మడత పెడితే అంటుకోదు, తాడు కట్టిన చోట చిరగదు.

తలుపు ఎలా చేశామో చెప్తే గానీ మిగతాది అర్థం కాదు. ముక్కు ఊడిపడే పద్ధతి నాకు నచ్చదు, గాలి పక్కకు కొడితే ముందే ఊడుతుంది. అందుకే పారాచూట్ గదికి పక్కన 9 సెంటీమీటర్ల పొడవు, 7 సెంటీమీటర్ల వెడల్పు తలుపు కోశాను. లోపల రబ్బరు బ్యాండు దాన్ని బయటకు నెడుతుంటుంది. బయట సైకిల్ స్పోక్ ముక్క ఒకటి గడియలా అడ్డం పడి ఉంటుంది. ఎస్‌జీ90 సర్వో (ఆజ్ఞ ఇస్తే తిరిగే చిన్న మోటారు) ఆ గడియను లాగితే తలుపు తెరుచుకోవాలి. ఎత్తు కొలవడానికి బీఎంపీ280 అనే గాలి పీడన సెన్సరు, లెక్కకు ఆర్డుయినో నానో అనే చిన్న కంప్యూటర్ బోర్డు. గరిష్ఠ ఎత్తు నుంచి 2 మీటర్లు దిగగానే సర్వోకు ఆజ్ఞ వెళ్తుంది. నానోలో ఉన్న, కరెంటు పోయినా చెరగని 1 కేబీ మెమరీ ఈప్రామ్‌లోనే సెకనుకు 20 రీడింగులు రాస్తున్నాను. ఒక్కో రీడింగుకు 2 బైట్లు, అంటే 25 సెకన్ల రికార్డు. ఎస్‌డీ కార్డు పెట్టొచ్చు కదా అని అందరూ అంటారు. కింద పడ్డప్పుడు కార్డు స్లాటులోంచి ఎగిరిపోతుంది, ఈప్రామ్ ఎక్కడికీ పోదు.

మొదటి ప్రయోగం బాగా జరిగింది. రెండోది నిలువునా వచ్చి నేలలో దిగబడింది. మూడోదీ అంతే.

రికార్డు చూస్తే అంతా సవ్యంగా ఉంది. మూడో ప్రయోగంలో 3.1 సెకన్లకు 48 మీటర్లు చేరింది. 3.75 సెకన్లకు 2 మీటర్లు దిగింది, ఆ క్షణానే ఆజ్ఞ వెళ్లినట్టు గుర్తు ఉంది. 6.5 సెకన్లకు నేల. నానో రీసెట్ కాలేదు, ఒక్క రీడింగు కూడా తప్పిపోలేదు. ఇంట్లో బల్ల మీద అదే ఆజ్ఞ ఇస్తే 20కి 20 సార్లు తలుపు టక్కున తెరుచుకునేది. పైకి వెళ్తే మాత్రం లేదు.

మొదటి అనుమానం బ్యాటరీ మీద. 9 వోల్టుల బ్యాటరీతో నడుపుతున్నాను, సర్వో తిరిగేటప్పుడు మీటర్ పెట్టి చూస్తే 5 ఉండాల్సింది 4.2కి పడుతోంది. ఒక సెల్ లిపో బ్యాటరీ, దాని వోల్టేజీ పెంచే బూస్టర్ పెట్టాక 4.9 దగ్గర నిలబడింది. ఇక తిరుగులేదనుకున్నాను. నాలుగో ప్రయోగంలో మళ్లీ తెరుచుకోలేదు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం కూడా సరిగా తినలేదు.

రెండో అనుమానం బాటిల్ ఉబ్బు మీద. దర్జీ టేపు చుట్టి కొలిచాను. గాలి లేనప్పుడు చుట్టుకొలత 342 మిల్లీమీటర్లు, 60 పీఎస్ఐ దగ్గర 347, 80 దగ్గర 349. పారాచూట్ గది అంచు బాటిల్ మీదికి తొడిగి ఉంటుంది కాబట్టి బాటిల్ ఉబ్బినప్పుడు తలుపు చట్రం వంకరపోయి గడియ బిగుసుకుంటుందేమో అనుకున్నాను. కానీ పైకి చేరేసరికి లోపల గాలి ఉండదు, చుట్టుకొలత మళ్లీ 343కి వచ్చేస్తుంది. ఒక్క మిల్లీమీటరు గడియను ఆపలేదు. అయినా మనసు ఒప్పక తొడుగును 2 సెంటీమీటర్లు తగ్గించాను. రబ్బరు బ్యాండు కూడా వదులుది వేశాను. ఐదోదీ పడిపోయింది.

మూడో అనుమానం సర్వో బలం మీద. పెట్టెలు తూచే కొక్కెం కాటా గడియకు తగిలించి లాగితే 340 గ్రాముల దగ్గర జారింది. ఎస్‌జీ90కి 1.8 కిలోల బలం ఉంది, అదీ ఒక సెంటీమీటరు దూరంలో. మా చేయి 1.2 సెంటీమీటర్లు, అంటే 1.5 కిలోలు లాగగలదు. కావాల్సిన దానికి నాలుగింతలు. ఆ దారీ మూసుకుపోయింది.

ఈ లోపు మేం నెలనెలా పెట్టుకునే ఉపన్యాసం వచ్చింది. 2022లో జిల్లాలు మారాక శ్రీహరికోట మా తిరుపతి జిల్లాలోదే అయింది, అక్కడ పనిచేసి రిటైరైన పెద్దలు పిలిస్తే ప్రేమగా వచ్చి మాట్లాడుతున్నారు. ఈసారి వచ్చినాయన పీఎస్ఎల్వీలో ఏ భాగం ఎప్పుడు ఎలా విడిపోతుందో రెండు గంటలు చెప్పారు. 44 మీటర్ల రాకెట్టులో నాలుగు దశలు విడివిడిగా రాలాలి, పైన 3.2 మీటర్ల వెడల్పున్న హీట్ షీల్డ్ రెండు చెక్కలుగా విచ్చుకోవాలి. అప్పుడు ఆయన పీఎస్ఎల్వీ సీ39 సంగతి ఎత్తారు. 2017 ఆగస్టు 31 సాయంత్రం 7 గంటలకు బయల్దేరిన ఆ రాకెట్టు పీఎస్ఎల్వీకి 41వ ప్రయోగం. ఇంజిన్లన్నీ చక్కగా పనిచేశాయి. హీట్ షీల్డ్ మాత్రం విడిపోలేదు. టన్నుకు పైగా బరువును మోసుకుంటూనే పైకి పోయింది, దారి చూపడానికి పంపిన ఐఆర్ఎన్ఎస్ఎస్-1హెచ్ ఉపగ్రహం ఆ మూత లోపలే చిక్కుకుపోయింది. ఆ మాట విన్నప్పుడు నాకు గొంతు పట్టేసినట్టయింది. ఎక్కడ పీఎస్ఎల్వీ, ఎక్కడ నా ప్లాస్టిక్ బాటిల్! కానీ తెరుచుకోవాల్సింది తెరుచుకోనప్పుడు కలిగే బాధ నాకు ఆ నెలలో బాగా తెలుసు. ఐదు నెలలు తిరక్కుండానే 2018 జనవరి 12న సీ40 ఎగిరింది. ఏప్రిల్ 12న సీ41తో ఐఆర్ఎన్ఎస్ఎస్-1ఐ కక్ష్యకు చేరింది.

టీ తాగేటప్పుడు ఆయనకు నా గొడవ చెప్పుకున్నాను. ఆయన పరిష్కారం ఏమీ చెప్పలేదు, మూడు ప్రశ్నలు వేశారు. ప్రయోగాలు ఏ వేళకు చేశారు? రాకెట్టు గాలి నింపడానికి ముందూ తర్వాతా ఎంతసేపు స్టాండు మీద నిలబడి ఉంది? పారాచూట్ గది లోపల వేడి ఎంత? మొదటి రెంటికీ ఫోనులో వీడియోల టైము చూసి చెప్పగలిగాను. మూడో దానికి జవాబు లేదు. ఉపగ్రహాలను ఎండకూ చలికీ గురిచేసి గదుల్లో పరీక్షించేది ఎందుకో గుర్తు చేసి, భుజం తట్టి వెళ్లిపోయారు.

ఇంటికొచ్చి టైములు వరసగా రాశాను. మొదటిది ఉదయం 7:10, తెరుచుకుంది. రెండోది 10:40. మూడోది 11:15. నాలుగోది 10:50. ఈ మూడూ తెరుచుకోలేదు. పైగా ప్రతిసారీ పిల్లలు వంతులవారీగా పంపు కొట్టడం, కౌంట్‌డౌన్, ఫొటోలు అన్నీ కలిసి రాకెట్టు 25 నిమిషాలు ఎండలో నిలబడేది. ఆకాశంలో బాగా కనపడాలని పారాచూట్ గదికి నల్ల రంగు వేసింది నేనే. బీఎంపీ280 ఎత్తుతో పాటు ఉష్ణోగ్రత కూడా ఇస్తుంది, నేను దాన్ని ఒక్కసారి కూడా రికార్డు చేయలేదు.

బుధవారం సెలవు పెట్టి మధ్యాహ్నం పన్నెండున్నరకు రాకెట్టును మేడ మీద నిలబెట్టాను. నీడలో 40 డిగ్రీలు. నల్ల గది లోపల 10 నిమిషాలకు 49, 20 నిమిషాలకు 56, 27 నిమిషాలకు 59. అప్పుడు ఆజ్ఞ ఇచ్చాను. జుయ్ మని శబ్దం వచ్చింది, తలుపు కదల్లేదు. టార్చి వేసి లోపలికి చూశాను. గడియ ఉన్నచోటే ఉంది, సర్వోనే తిరిగిపోయింది! దాన్ని అంటించిన హాట్ గ్లూ (వేడిచేసి కరిగించి అంటించే జిగురు) ముద్ద కరగలేదు, రూపు కూడా చెడలేదు. పెనం మీద దోసె అంచు లేచినట్టు ఒక పక్క నుంచి బాటిల్ గోడను వదిలి లేచింది. దాని అడుగు అద్దంలా నున్నగా, మెరుస్తూ ఉంది, ఒక్క పీచు కూడా లేదు. ఇదే నున్నటి ముద్దను, ఐదోది తప్ప, పడిపోయిన ప్రతి రాకెట్టులోనూ చూశాను. నేలకు కొట్టుకున్న దెబ్బకు సర్వో ఊడిందనుకుని పక్కన పడేశాను. దెబ్బకు ఊడితే గ్లూ చిరగాలి, ప్లాస్టిక్ మీద కొంత మిగలాలి. ఇది నున్నగా వదిలేసింది.

ఇక కాటా తెచ్చాను. ఉదయం 28 డిగ్రీలప్పుడు గ్లూతో అంటించిన సర్వోను లాగితే 2.6 కిలోల దాకా పట్టు వదల్లేదు. 58 డిగ్రీలప్పుడు 410 గ్రాములకే లేచిపోయింది. అదే వేడికి తలుపు కూడా కొంచెం వంగింది, అంచు దగ్గర మిల్లీమీటరు సందు వచ్చింది, గడియ లాగడానికి 340కి బదులు 480 గ్రాములు పట్టింది. గడియకు 480 కావాలి, గ్లూ 410కే వదిలేస్తోంది. అందుకే గడియ నిలిచింది, సర్వో తిరిగింది. ఫ్యాను కింద బల్ల మీద 20కి 20 సార్లు ఎందుకు పనిచేసిందో కూడా ఇందులోనే ఉంది. ఆ రెండు అంకెలు పక్కపక్కన రాసినప్పుడు కలిగిన ఆనందం రాకెట్టు ఎగిరినప్పుడు కూడా కలగలేదు.

ఐదో ప్రయోగం మాత్రం ఈ లెక్కలో ఇమడట్లేదు. అది 8:20కి చేసింది, ఆ రోజు మబ్బు. వీడియోలో 4.6 సెకన్ల దగ్గర తలుపు పక్కన నారింజ రంగు చిన్నగా మెరిసింది, అంటే తలుపు తెరుచుకుని గుడ్డ కొంత బయటికి వచ్చి ఆగిపోయి ఉండాలి. ముందు రాత్రి మడతపెట్టి ఉంచిన గుడ్డకు తేమ పట్టిందని నా ఊహ. లేదా నేను వేసిన వదులు రబ్బరు బ్యాండు తలుపును పూర్తిగా నెట్టలేకపోయిందేమో. ఇప్పుడు బ్యాండు పాతదే వేశాను, గుడ్డను ప్రయోగం రోజు పొద్దున్నే పౌడరు చల్లి మడుస్తున్నాను.

ఆరో ప్రయోగానికి సర్వోను గ్లూతో కాకుండా పలుచటి ప్లైవుడ్ ముక్కకు 2 ఎంఎం స్క్రూలతో బిగించి, ఆ ముక్కను బాటిల్ గోడలోంచి రెండు జిప్ టైలతో కట్టేశాను. అరాల్డైట్ కూడా ఆలోచించాను. వాడితే మాత్రం రాత్రంతా గట్టిపడే మామూలు రకమే వాడండి, ఐదు నిమిషాల రకం మీద నాకు నమ్మకం లేదు. గదికి తెల్ల రంగు వేశాను. కౌంట్‌డౌన్ దాకా తడిగుడ్డ కప్పి ఉంచాం. బయల్దేరే ముందు లోపల 41 డిగ్రీలు. మూడు మార్పులూ ఒకేసారి చేసేశాను కాబట్టి ఏది ఎంత కాపాడిందో విడదీసి చూడాలి. వచ్చే ఆదివారం తడిగుడ్డ లేకుండా, ఆ పై వారం మళ్లీ నల్ల రంగుతో ఎగరేస్తాం. స్క్రూలు మాత్రం ఇక తియ్యను.

తర్వాత రెండు బాటిళ్లు కలిపి అతికించాలి. 100 మీటర్లు దాటాలని పిల్లల పట్టుదల. అతుకు 100 పీఎస్ఐ తట్టుకుంటుందో లేదో ముందు నీళ్లు నింపి, తొట్టిలో ముంచి చూస్తాను. ఆ ఎత్తులో గాలి ఎటు లాగుతుందన్నది ఇంకో బెంగ, మామిడి చెట్ల మీద పడితే దించడం కష్టం. గాదంకిలోని వాతావరణ పరిశోధన కేంద్రాన్ని చూపించమని అడుగుతూ ఉత్తరం రాస్తున్నాం. 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే అక్కడి ఎంఎస్టీ రాడార్‌లో 1024 యాంటెన్నాలు ఒక పొలమంత మేర వరసలు తీరి ఉంటాయి. పైనుండే గాలుల వేగాన్ని నేల మీద నుంచే కొలుస్తుంది. మా ఊరి దారిలోనే ఉన్నా మా పిల్లల్లో ఒక్కరూ లోపలికి వెళ్లి చూడలేదు.

ఆగస్టు 23న జాతీయ అంతరిక్ష దినోత్సవం. ఆ రోజు దగ్గరలోని బడి పిల్లల ముందు ఎగరెయ్యాలని అనుకున్నాం. అప్పటికి కనీసం పది ప్రయోగాల్లో వరసగా తెరుచుకోవాలి, అదీ మధ్యాహ్నం ఎండలో. రైతుకు కూడా కబురు పెట్టాం, ఆయన మనవరాలు ఆ బడిలోనే చదువుతోంది. రేపు గాంధీ రోడ్డుకు వెళ్లి ఇంకో రెండు సర్వోలు, ఒక డబ్బా తెల్ల స్ప్రే పెయింటు తెచ్చుకోవాలి.