రొయ్యల యాప్‌కి అమెరికా ఎగుమతి రూల్స్ ఏంది సామీ

ఐఫోన్ యాప్ ఒక్కసారైనా పెట్టినోళ్ళకి ఇది తెలిసే ఉంటది. బిల్డ్, అంటే తయారైన యాప్ ఫైల్, అప్‌లోడ్ చేస్తాం, ప్రాసెసింగ్ అయిపోద్ది, హమ్మయ్య అనుకునేలోపు పక్కన పసుపు రంగులో మిస్సింగ్ కంప్లయన్స్ అని చూపిస్తాడు యాపిల్‌వాడు, నొక్కితే మీ యాప్‌లో ఏ రకం ఎన్‌క్రిప్షన్ (డేటాకి తాళమేసేది) ఉందో చెప్పు, ఇది ఎక్స్‌పోర్ట్ రూల్స్ కోసం అంటాడు. నేను చేసింది ఇందుకూరుపేట కాడ చెరువులేసే మా మామకి మేత లెక్క, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో) రాసుకునే చిన్న యాప్. దాంట్లో ఎన్‌క్రిప్షన్ ఏముంటదబ్బా అంటే ఉంది మరి, సర్వర్‌తో మాట్లాడేది డేటాకి తాళమేసి పంపే హెచ్‌టీటీపీఎస్‌లోనే కదా. మామ పక్కన కూర్చోని స్క్రీన్ చూసి "ఏంది అల్లుడూ ఎక్స్‌పోర్ట్ అంటుండాడు, మన రొయ్యల గురించేనా" అన్నాడు, కాదు మామా యాప్ గురించి అంటే "యాప్‌ని కూడా కంటైనర్‌లో ఎక్కిస్తారా, రొయ్యలకి లాగా యాంటీబయాటిక్ టెస్టు ఉంటదా దానికి" అని ఒకటే నవ్వు.

విషయం ఏందంటే, నేను నెల్లూరులో కూర్చోని అప్‌లోడ్ చేస్తే అది అమెరికాలో యాపిల్ సర్వర్‌కి పోద్ది, ఆడినుంచి మామ ఫోన్‌లోకి దిగుద్ది. అంటే అమెరికా చట్టం లెక్కలో అది అమెరికా నుంచి బయటికి పోయే సరుకు. వాళ్ళ కామర్స్ డిపార్ట్‌మెంట్ కింద ఎగుమతుల రూల్స్ చూసే బీఐఎస్ అని ఒక ఆఫీసుంది, ఎన్‌క్రిప్షన్ ఉన్న ఏ సరుకైనా వాళ్ళ లిస్టులో ఏదో ఒక నంబరు కిందికి రావాల్సిందే. ఫోన్‌లో ఉండే మామూలు ఎన్‌క్రిప్షనే వాడుకుంటే మినహాయింపు, ప్రాజెక్ట్‌లో సెట్టింగులుండే ఇన్ఫో ప్లిస్ట్ ఫైల్‌లో ఒక లైన్ పెట్టి, మినహాయింపు లేని ఎన్‌క్రిప్షన్ ఏదీ వాడలేదని నో అని రాసేస్తే మళ్ళీ అడగడు కూడా. మనోళ్ళు 100కి 99 మంది ఇదే చేస్తారు, ఎందుకో ఎవురికీ తెలీదు.

ఇప్పుడు ఒక టిక్కుతో పోతుంది కానీ 1996 దాకా అమెరికాలో ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ ఆయుధాల లిస్టులో ఉండేది. నిజంగానే, ట్యాంకులు, మిసైళ్ళు ఉండే మునిషన్స్ లిస్ట్. బయటి దేశానికి పంపాలంటే స్టేట్ డిపార్ట్‌మెంట్ లైసెన్స్ కావాలి. ఫిల్ జిమ్మర్‌మన్ అనే ఆయన 1991లో పీజీపీ అని ఈమెయిళ్ళకి తాళమేసే ప్రోగ్రామ్ రాసి ఊరికే వదిలాడు, అది నెట్‌లో దేశాలు దాటిపోయింది, ఇంకేముంది ఆయుధాలు ఎగుమతి చేశావని 1993 నుంచి మూడేళ్ళు విచారణ. చివరికి 1996 జనవరిలో కేసు పెట్టకుండానే వదిలేశారు.

ఈ మధ్యలో జరిగిన తమాషా నాకు బాగా ఇష్టం. సాఫ్ట్‌వేర్ అయితే ఆయుధం, అదే కోడ్ పుస్తకంలో అచ్చేస్తే మాత్రం వాక్ స్వాతంత్ర్యం కిందికి వస్తది, ఎవురూ ఆపలేరు. ఫిల్ కార్న్ అనే ఇంజినీర్ దీన్ని గెలికి చూశాడు, క్రిప్టోగ్రఫీ మీద బ్రూస్ ష్నైయర్ రాసిన పుస్తకాన్ని ఎగుమతి చేయొచ్చా అని అడిగితే నిక్షేపంగా చేసుకో అన్నారు, అదే పుస్తకం వెనకాల అచ్చేసున్న కోడ్‌ని ఫ్లాపీలో పెట్టి అడిగితే కుదరదు లైసెన్స్ కావాలన్నారు. పీజీపీ వాళ్ళకి దారి దొరికింది. 1997లో పీజీపీ 5 కోడ్ మొత్తం పుస్తకాలుగా అచ్చేసి యూరప్‌కి పంపారు, చట్టబద్ధంగా, ఆడ వాలంటీర్లు పేజీ పేజీ స్కాన్ చేసి మళ్ళీ ప్రోగ్రామ్ చేశారు. స్కానింగ్‌లో ఒకటి అంకెకీ ఎల్ అక్షరానికీ తేడా తెలీదు కదా, దానికని ప్రతి లైన్ పక్కన చిన్న చెక్‌సమ్ (లైన్ సరిగ్గా వచ్చిందో లేదో తేల్చే లెక్క) అచ్చేశారు, ఏ లైన్ తప్పు పడిందో దాన్ని మాత్రం చూసి దిద్దుకునేలాగ. ఎంత ఓపిక అంటే, నేనైతే పది పేజీలకే లేచిపోతా.

నవ్వులాట పక్కన పెడితే నష్టం ఎక్కడ జరిగిందంటే 40 బిట్ల కాడ. బయటి దేశాలకి పంపే సాఫ్ట్‌వేర్‌లో తాళం 40 బిట్లే ఉండాలని పెట్టారు, బిట్లు ఎంత తక్కువైతే తాళం అంత నాసి. నెట్‌స్కేప్ బ్రౌజర్ అమెరికా వాళ్ళకి 128 బిట్లది, మిగతా ప్రపంచానికి ఇంకోటి, ఆ రెండోదాంట్లో కూడా పేరుకి 128 బిట్ల కీనే, కాకపోతే దాంట్లో 88 బిట్లు తెరిచే పంపేది, దాగుండేది 40 మాత్రమే! 40 బిట్లంటే దాదాపు 1 లక్షా 10 వేల కోట్ల కాంబినేషన్లు, వినడానికి పెద్దదే గానీ 1995లోనే ఫ్రాన్స్‌లో డామియెన్ డోలిజే అనే ఆయన తన ల్యాబ్ చుట్టుపక్కల కంప్యూటర్లని ఖాళీగా ఉన్నప్పుడు వాడుకుని 8 రోజుల్లో పగలగొట్టాడు.

2000 జనవరిలో రూల్స్ బాగా సడలించారు, అయిపోయిందనుకున్నారు. కానీ ఆ పాత బలహీనమైన మోడ్‌లని సర్వర్లలోంచి ఎవురూ తీయలా, అట్టాగే మూల పడుండాయి. 2015లో ఫ్రీక్ అని ఒక దాడి బయటపడింది, ఫోన్‌కీ సర్వర్‌కీ మధ్యలో కూర్చున్నోడు సర్వర్‌ని ఆ పాత ఎక్స్‌పోర్ట్ గ్రేడ్ 512 బిట్ల కీ (ఇది వేరే రకం తాళం, దీనికి 512 అంటే చిన్నదే) వాడేలాగ చేయొచ్చని, ఆ కీని క్లౌడ్‌లో అద్దె కంప్యూటర్లతో సుమారు 100 డాలర్లలో, కొన్ని గంటల్లో విరగ్గొట్టొచ్చని. ఐఫోన్‌లో సఫారీ, ఆండ్రాయిడ్ బ్రౌజర్ రెండూ దొరికాయి. అన్నిటికన్నా ముచ్చటైంది ఏందంటే ఆ దాడికి లొంగిన వెబ్‌సైట్లలో అమెరికా గూఢచారి సంస్థ ఎన్‌ఎస్‌ఏదే ఒకటి. బయటోడికి నాసిరకం తాళం అమ్మాలని ఏ గూఢచారి సంస్థ కోసం రూల్ పెట్టారో దాని గుమ్మానికే ఆ తాళం వేలాడతా ఉండింది.

మనోళ్ళు తక్కువేం కాదు. 1999 నాటి ఇంటర్నెట్ లైసెన్స్ షరతుల్లో 40 బిట్లు దాటితే పర్మిషన్ తీసుకోవాలి, కీ కూడా మా దగ్గర డిపాజిట్ చేయాలి అని ఉండేది. 2001లో రిజర్వ్ బ్యాంక్ నెట్ బ్యాంకింగ్ చేయాలంటే కనీసం 128 బిట్లు ఉండాలంది. ఒకే ప్రభుత్వం కదరా నాయనా! 2015లో అయితే ఎన్‌క్రిప్ట్ చేసిన మెసేజ్‌ల అసలు కాపీ 90 రోజులు దాచిపెట్టుకోవాలని డ్రాఫ్ట్ పాలసీ వదిలారు, గోల గోల అయ్యేసరికి వెంటనే వెనక్కి తీసుకున్నారు. 2017 డిసెంబర్‌లో మన దేశం వాసెనార్ ఒప్పందంలో చేరింది, ఇట్టాంటి ఎగుమతుల మీద కలిసి కంట్రోల్ పెట్టుకునే దేశాల గ్రూప్ అది. ఇప్పుడు మనకీ స్కోమెట్ అనే ఎగుమతి కంట్రోల్ లిస్టులో ఎనిమిదో కేటగిరీలో ఎన్‌క్రిప్షన్ సరుకులున్నాయి, విదేశీ వ్యాపారం చూసే డీజీఎఫ్‌టీ ఆఫీసు చూసుకుంటది. నెట్ కనెక్షన్‌కి తాళమేసే వీపీఎన్ డబ్బాలు చేసి బయటికి అమ్మేవాళ్ళు అది చూసుకోవాలి, నా యాప్ సంగతికి దానితో పని లేదు.

అసలు కంట్రోల్సే వద్దంటావా అంటే, వద్దనను. జనాల ఫోన్లలోకి దూరే నిఘా సాఫ్ట్‌వేర్‌ని ఏ దేశానికి అమ్ముతున్నారో ఎవురో ఒకరు అడగాలి. నాకు అర్థం కానిది, తాళం అమ్మేవాడినీ దొంగ తాళంచెవి అమ్మేవాడినీ ఒకే వరసలో నిలబెట్టడం.

కందుకూరు ఫ్రెండ్ ఒకడు చిట్టీల యాప్ చేస్తా ఉండాడు, సెక్యూరిటీ గట్టిగా ఉండాలని డేటాకి సొంతంగా ఒక ఎన్‌క్రిప్షన్ రాసుకున్నాడంట, ఆ యాపిల్ ప్రశ్నకి ఏం టిక్ పెట్టాలని నిన్న ఫోన్ చేశాడు. సొంత ఆల్గారిథమ్ అని పెడితే బీఐఎస్ నుంచి క్లాసిఫికేషన్ కాగితం తెమ్మంటారు, ఫ్రాన్స్‌లో కూడా యాప్ ఇస్తానంటే ఆడ ఇంకో డిక్లరేషన్. ఆ కాగితాలు పక్కన పెట్టరా, ముందు ఆ రాసిందేదో చూపించు అన్నా. చూస్తే ప్రతి అక్షరాన్నీ మూడు స్థానాలు ముందుకి జరిపి తిరగేసి రాస్తుండాడు. తీసేయ్, ఫోన్‌లో ఉండే ఏఈఎస్ అనే గట్టి ఎన్‌క్రిప్షన్ వాడుకో, నో అని టిక్ పెట్టు అని చెప్పా. తీశాడో లేదో ఇంకా మెసేజ్ రాలా.